బాక్టీరియాను పలకరించిన బుడగ

(ఒక సైన్స్ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? వినిపించని వాళ్లు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. అంటే అందరికీ వినిపిస్తున్నట్టా, నేనడిగిన ప్రశ్నే ఎవరికీ వినిపించనట్టా? (నవ్వులు) ఆ, నవ్వారు కాబట్టి ఇక బెంగ లేదు. మీరు నవ్వకపోయి ఉంటే నాకు తెలిసే దారే లేదు. ఈ పూట నేను చెప్పబోయే ప్రయోగాలన్నిటిలోనూ ఇదే చిక్కు. మాట చేరిందో లేదో అన్నవాడి దగ్గర తేలదు. విన్నవాడిలో ఏదో ఒకటి కదిలితేనే తేలుతుంది.

ఇ.కోలై అనే బాక్టీరియా పేరు మీరంతా వినే ఉంటారు. మన పేగుల్లో ఉంటుంది, ప్రయోగశాలల్లో అయితే ఎటు చూసినా అదే. థియోఫిలిన్ అని ఒక మందు ఉంది, ఉబ్బసానికి ఇచ్చేవారు. ఆ మందు తీసుకెళ్లి ఇ.కోలై ముందు పోస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. దాన్ని గుర్తుపట్టి స్పందించే ఏర్పాటేదీ ఆ బాక్టీరియాలో లేదు. ఉలకదు, పలకదు. అలాంటిది 2014లో ఇటలీలోని ట్రెంటోలో షెరెఫ్ మాన్సీ బృందం ఇ.కోలై ఉన్న పాత్రలో థియోఫిలిన్ పోస్తే, ఇ.కోలై ఆకుపచ్చగా వెలిగింది. వెలిగే జన్యువును వాళ్లు ముందే దానిలో పెట్టారనుకోండి, కంటికి కనపడాలి కదా. కానీ థియోఫిలిన్‌ను గుర్తుపట్టే శక్తిని మాత్రం బాక్టీరియాకు ఇవ్వలేదు. దాని పక్కన ఒక బుడగను పెట్టారు, అంతే. బుడగ థియోఫిలిన్ మాట విని, ఇ.కోలైకి అర్థమయ్యే మాటలో మళ్లీ చెప్పింది. దుబాసీ పని చేసింది.

ఆ బుడగనే కృత్రిమ కణం అంటున్నాం. పేరు వింటే ఏదో పుట్టి, తిని, పెరిగేదానిలా అనిపిస్తుంది. నిజానికి పేరు చాలా పాతది. 1957లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో థామస్ చాంగ్, ఇంకా డిగ్రీ చదువుతుండగానే, హీమోగ్లోబిన్‌ను పల్చటి పొరలో చుట్టి దానికి కృత్రిమ కణమని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం మాట్లాడుకునే బుడగ అంతకంటే కొంచెం తెలివైనది. దాని లోపల డీఎన్ఏ ఉంటుంది, ఆ డీఎన్ఏను చదివి ప్రోటీన్ తయారుచేసే సరంజామా ఉంటుంది. కానీ అది పెరగదు, రెండుగా చీలదు, పిల్లల్ని పెట్టదు. అందుకే నేను బుడగ అనే అంటాను. ఎక్కువ గౌరవమిస్తే మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

ఇది తయారయ్యే తీరు చెబుతాను, చూడ్డానికి భలే ఉంటుంది. బుడగ పొర లిపిడ్ అనే కొవ్వు జాతి అణువులతో కట్టినది. లిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు. తలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి పడదు. ముందు ఒక గొట్టంలో నూనె తీసుకుని అందులో లిపిడ్లు కరిగిస్తాం. దానిలో ఒకే ఒక్క చిన్న బొట్టు నీటి ద్రావణం వేస్తాం. బుడగ లోపల ఉండాల్సినవన్నీ ఆ బొట్టులోనే ఉంటాయి. గొట్టాన్ని గట్టిగా కుదిపితే లక్షల తుంపరలై, నూనె తెల్లగా పాలలా మారుతుంది. ప్రతి తుంపర చుట్టూ లిపిడ్ తలలు లోపలికి, తోకలు నూనెలోకి పెట్టుకుని ఒక వరస కట్టేస్తాయి. ఇప్పుడు ఇంకో గొట్టంలో అడుగున నీళ్లు, పైన లిపిడ్ కలిసిన నూనె. ఆ రెండూ కలిసే చోట ఇంకో లిపిడ్ వరస ఉంటుంది. పాలలాంటి ఆ నూనెను దీని మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గొట్టాల్ని గిరగిరా తిప్పే యంత్రంలో, తిప్పుతాం. తుంపరలో సుక్రోజ్ ఉంటుంది, కింద నీళ్లలో గ్లూకోజ్. సుక్రోజ్ ద్రావణం బరువెక్కువ కాబట్టి తుంపర కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ ఆ సరిహద్దు దాటేటప్పుడు రెండో వరసను, చొక్కా తొడుక్కున్నట్టు, ఒంటికి చుట్టుకుని నీళ్లలోకి జారుతుంది. గొట్టం అడుగున ఉందా లేదా అన్నంత తెల్లటి మచ్చ మిగులుతుంది. మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి వలయాలు. కొన్ని బాక్టీరియా అంత చిన్నవి, కొన్ని మన కణాలంత పెద్దవి.

మొదటిసారి నేను చేసినప్పటి కథ చెబుతాను. బుడగలు వచ్చాయి, ఇ.కోలైతో కలిపాం, మందు పోశాం, వెలుగు వచ్చింది. ఎంత వెలుగు! రెండు రోజులు నేల మీద నిలవలేదు. మూడో రోజు మా పక్క బల్ల అబ్బాయి అడిగాడు, మందు వెయ్యని గొట్టం సంగతేమిటి అని. చూస్తే అదీ అంతే వెలుగుతోంది. జరిగిందేమిటంటే, బుడగ లోపలి ద్రావణం బయటి నీటికంటే చిక్కగా కలిపాను. నీళ్లు లోపలికి తోసుకొచ్చాయి, బుడగలు ఉబ్బి పగిలాయి, లోపల ఉన్నదంతా బయట పడింది, ఇ.కోలై దానికి స్పందించింది. పగిలిన సంచీ కూడా మాట్లాడినట్టే కనిపిస్తుందన్నమాట. అప్పటినుంచీ ఎవరైనా బుడగ మాట్లాడిందని చూపిస్తే, మాట్లాడకూడని గొట్టం చూపించమని ముందు అడుగుతాను. మందు లేని గొట్టం, జన్యువు లేని బుడగల గొట్టం, బుడగలే లేకుండా మందు మాత్రమే ఉన్న గొట్టం. ఈ మూడూ చీకటిగా ఉంటేనే నాలుగోదానిలోని వెలుగుకు విలువ.

ట్రెంటో వాళ్ల బుడగ లోపలికి వెళ్దాం. ప్రోటీన్ తయారీ సరంజామాకి కష్టపడక్కర్లేదు. బతికున్న కణం లేకుండా, దాని రసంతోనే ప్రోటీన్ చేయొచ్చని 1961లోనే నైరెన్‌బర్గ్, మత్తాయి వాడి చూపించారు, జన్యు సంకేతంలో మొదటి అక్షరాలు అలాగే విప్పారు. 2001లో జపాన్‌లో ఉయెదా బృందం ఇంకో మెట్టెక్కి, కావలసిన ప్రోటీన్లను విడివిడిగా శుద్ధిచేసి కలిపి అదే పని చేయించింది. ఆ రెండు రకాలూ ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి.

వినే చెవి సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆ చెవి ఒక ఆర్ఎన్ఏ ముక్క, అంటే డీఎన్ఏలో రాసినదానికి నకలు. మామూలుగా ముడుచుకుని ఉంటుంది, తన మీద రాసి ఉన్న ప్రోటీన్ కబురును చదవనివ్వదు. థియోఫిలిన్ వచ్చి దాని మడతలో కూర్చుంటే ఆకారం మారి కబురు బయటపడుతుంది, తయారీ మొదలవుతుంది. దీన్ని రైబోస్విచ్ అంటారు. థియోఫిలిన్ పట్టే ఆర్ఎన్ఏను ప్రయోగశాలలో ఏరి తీశారు, 1994లో. దాని వినికిడి ఎంత సన్నదంటే, కెఫీన్‌కీ థియోఫిలిన్‌కీ తేడా ఒకే ఒక్క మిథైల్ గుంపు, అంటే ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు. ఆ ఒక్క తేడాకే ఇది కెఫీన్ కంటే థియోఫిలిన్‌ను 10,000 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఒక అక్షరం తేడా ఉన్న రెండు పేర్లలో రెండోది పిలిస్తే తల కూడా తిప్పని మనిషి లాంటిదన్నమాట.

థియోఫిలిన్ కూర్చోగానే తయారయ్యే ప్రోటీన్ పేరు ఆల్ఫా హీమోలైసిన్. ఇది స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఆయుధం, మన ఎర్రరక్త కణాలకు చిల్లులు పొడవడానికి. ఏడు ముక్కలు వలయంగా చేరి పొరలో సన్నటి కన్నం చేస్తాయి, ఇరుకైన చోట ఒకటిన్నర నానోమీటర్ కూడా ఉండదు. శత్రువు ఆయుధాన్ని మనం తలుపుగా వాడుకున్నాం. బుడగలో ముందే ఐపీటీజీ అనే అణువు నింపి ఉంచారు. కన్నం పడగానే అది బయటికి వస్తుంది. ఇ.కోలైకి ఐపీటీజీ బాగా తెలుసు, అచ్చం పాల చక్కెర కబురులా వినిపిస్తుంది. జన్యువు మీద కూర్చున్న కాపలా ప్రోటీన్ దాన్ని పట్టుకుని పక్కకి తప్పుకుంటుంది. కాకపోతే ఐపీటీజీలో ఒక ఆక్సిజన్ ఉండాల్సిన చోట గంధకం ఉంటుంది, అందుకని ఇ.కోలై దాన్ని కోసి తినలేదు. పాలు వచ్చాయని కబురు వస్తూనే ఉంటుంది, గిన్నె మాత్రం ఖాళీ. పాపం.

ఇక్కడ నాకో అనుమానం ఉండేది, మీలో కొందరికి ఈపాటికే వచ్చి ఉంటుంది. ఇదేం సంభాషణండీ, తలుపు తీస్తే లోపలున్నది బయటికొచ్చింది, అంతేగా? అవును, అంతే. బుడగ తన మాట తాను తయారుచేసుకోలేదు, మనం నోట్లో పెట్టిన మాట వదిలింది. అసలు బాక్టీరియా తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయో చూస్తే ఈ లోటు ఎంతో తెలుస్తుంది.

1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ సముద్రంలో వెలిగే బాక్టీరియాను ఫ్లాస్కులో పెంచుతూ ఒక వింత గమనించారు. బాక్టీరియా సంఖ్య గంటగంటకూ పెరుగుతోంది, వెలుగు మాత్రం లేదు. కొన్ని గంటలు కిమ్మనవు. ఒక్కసారిగా అన్నీ కలిసి వెలుగుతాయి. బాగా పెరిగిన ఫ్లాస్కులోంచి బాక్టీరియాను తీసేసి, ఆ నీళ్లు మాత్రమే కొత్త ఫ్లాస్కులో పోస్తే, కొత్తవి ముందుగానే వెలిగాయి. అంటే నీళ్లలో ఏదో ఉంది. 1981లో దాని నిర్మాణం తేలింది, ఎసైల్ హోమోసెరిన్ లాక్టోన్ అనే చిన్న అణువు. ప్రతి బాక్టీరియా కొంచెం కొంచెం చేసి వదులుతుంది, పొరలోంచి అటూ ఇటూ తిరిగే అణువు అది. ఒంటరిగా ఉంటే చెదిరిపోతుంది, గుంపుగా ఉంటే పేరుకుంటుంది. ఒక మోతాదు దాటితే అందరికీ తెలుస్తుంది, మనం తగినంత మందిమి ఉన్నామని. సమావేశానికి కోరం ఉండాలంటాం కదా, అదే మాటతో 1994లో దీనికి క్వోరమ్ సెన్సింగ్ అని పేరు పెట్టారు. హవాయి తీరంలోని ఒక చిన్న స్క్విడ్ ఈ బాక్టీరియాకు ఒంట్లో చోటిచ్చి, రాత్రి ఆ వెలుగుతో తన నీడ కిందికి పడకుండా చూసుకుంటుంది. తెల్లవారగానే నూటికి తొంభై పైగా బయటికి తోసేస్తుంది. మళ్లీ సాయంత్రానికి కోరం.

మాట్లాడటమంటే ఇదీ. అణువును తయారుచెయ్యాలి, వదలాలి, పక్కవాళ్లు వదిలింది వినాలి, మోతాదు బట్టి మారాలి.

కానీ 2009లో వచ్చిన ఒక ప్రయోగం నా లెక్కంతా తలకిందులు చేసింది. ఈ రంగం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. గార్డ్‌నర్, విన్జర్, డేవిస్ అనే ముగ్గురు బ్రిటన్‌లో చేశారు. వాళ్ల బుడగలో డీఎన్ఏ లేదు, ప్రోటీన్ తయారీ సరంజామా లేదు. ఫార్మాల్డిహైడ్ ఉంది, అది తనలో తాను కలుస్తూ చక్కెరలు పుట్టే చర్య ఉంది. 1861లో బుట్లెరోవ్ కనిపెట్టిన చర్య అది, ఫార్మోస్ చర్య అంటారు. ఆ చక్కెరల్లో కొన్ని బుడగ దాటి బయటికి వచ్చాయి, నీళ్లలోని బోరేట్‌తో, అంటే బోరాన్ ఉన్న అణువుతో, జతకట్టాయి. బయట విబ్రియో హార్వేయి అనే వెలిగే బాక్టీరియా ఉంది. దాని సంకేతాల్లో ఒకదానిలో బోరాన్ ఉందని 2002లోనే తేలింది. ఈ చక్కెర-బోరేట్ జంట దానికి తన వాళ్ల మాటలాగే వినిపించింది. వెలిగింది!

ఆలోచించండి. జన్యువులతో, చెవితో, తలుపుతో బుడగను కట్టిన మాన్సీ బృందం కంటే ఐదేళ్ల ముందు, ఏ పనితనమూ లేని మామూలు రసాయన చర్యను తిత్తిలో పెడితే బాక్టీరియా జవాబిచ్చింది. ఆ బుడగకు చెప్పాలన్న ఉద్దేశం సంగతి అటుంచండి, చెప్పడానికి యంత్రమే లేదు. మాట మొత్తం విబ్రియో హార్వేయి చెవిలో తయారైంది. అప్పటినుంచీ నేను ఈ రంగంలో ఏ పేపర్ చదివినా బుడగ ఎంత గొప్పగా కట్టారన్నది తర్వాత చూస్తాను, వినే కణం దేన్ని మాటగా తీసుకుంటుందన్నది ముందు చూస్తాను.

2017లో మాన్సీ బృందమే నా పాత అనుమానానికి జవాబిచ్చింది. ఈసారి బుడగ హోమోసెరిన్ లాక్టోన్‌ను తనే గుర్తించింది, దానికి జవాబుగా తనే తయారుచేసి వదిలింది. రెండు వైపులా రాకపోకలు. 1950లో ఎలన్ ట్యూరింగ్ ఒక ఆట ప్రతిపాదించాడు కదా, తెర వెనక ఉన్నది మనిషో యంత్రమో మాటల్ని బట్టి చెప్పగలరా అని. 2006లో కొందరు శాస్త్రవేత్తలు ఆ ఆటను కణాలకు వర్తింపజేయాలన్నారు. తెర ముందు కూర్చునే న్యాయనిర్ణేత బాక్టీరియా. 2017లో ట్రెంటో వాళ్లు అలాంటి పరీక్షే పెట్టారు, కొన్ని నిర్దిష్ట పరిస్థితుల్లో వాళ్ల బుడగ విబ్రియో ఫిషెరి అనే అసలైన వెలిగే బాక్టీరియాకు చాలా దగ్గరగా వచ్చింది. పత్రికలవాళ్లకి ట్యూరింగ్ పేరు బాగా నచ్చింది. నాకు మాత్రం అదే పేపర్‌లోని రెండో సగం నచ్చింది. అందులో బుడగ ఒక బాక్టీరియా మాట విని, ఇంకో బాక్టీరియా మాటను చెరిపేస్తుంది. సూడోమొనాస్ ఎరుజినోసా అనే మొండి క్రిమి ఉంది, ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తుంది, గుంపు చేరాకే విరుచుకుపడుతుంది. దాని సంకేత అణువును కోసేసే ఎంజైమును బుడగ తయారుచేసింది. చంపడం లేదు, గుసగుసలు ఆపుతోంది.

మన కణాల దాకా వస్తే తలుపు సమస్య వస్తుంది. బాక్టీరియా మాటలు చిన్న అణువులు, పొర దాటి పోతాయి. మన కణాల మాటలు చాలావరకు ప్రోటీన్లు, పెద్దవి. 2020లో మాన్సీ బృందం నాడీకణాల ఎదుగుదలకు పనికొచ్చే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను బుడగలో తయారుచేయించింది. ఆల్ఫా హీమోలైసిన్ కన్నంలోంచి అది పట్టదు. అందుకని గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే సూక్ష్మజీవి దగ్గర ఇంకో ఆయుధం అరువు తెచ్చుకున్నారు, పర్‌ఫ్రింగోలైసిన్. దాని కన్నం దాదాపు 30 నానోమీటర్లు. దానికి పొరలో కొలెస్ట్రాల్ ఉండాలి, అదీ కలిపారు. బుడగకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ వెలిగే బాక్టీరియా అణువే, హోమోసెరిన్ లాక్టోన్. సముద్రపు బాక్టీరియా మాట లోపలికి, మెదడు మాట బయటికి. ఎలుక నాడీ మూలకణాలు విన్నాయి, నాడీకణాలుగా మారడం మొదలుపెట్టాయి. అంత పెద్ద తలుపు తీస్తే సొంత సరంజామా కూడా జారిపోతుందేమోనన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుందనుకోండి.

దీన్ని ఒంట్లోకి ఎక్కించి మందుల ఫ్యాక్టరీగా వాడేస్తామా అంటే, రెండు అడ్డంకులు చెబుతాను. ఒకటి ఇంధనం. మామూలుగా ఈ సరంజామా కొన్ని గంటల్లో చతికిలపడుతుంది. 2004లో నోయిరో, లిబ్‌షాబర్ ఆల్ఫా హీమోలైసిన్ కన్నాల ద్వారా బయటినుంచి మేత అందిస్తూ నాలుగు రోజుల దాకా లాగారు. రెండోది దూరం, దీన్ని జనం తక్కువగా పట్టించుకుంటారు. నిశ్చలమైన నీళ్లలో చిన్న అణువు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, పోవడానికి సెకనులో పదో వంతు చాలు. ఒక మిల్లీమీటరు పోవాలంటే దాదాపు పావుగంట. ఒక సెంటీమీటరంటే ఒక రోజు దాటిపోతుంది. దూరం పదింతలైతే సమయం వందింతలు. పోయేకొద్దీ పల్చబడిపోతుంది కూడా. కాబట్టి బుడగ పక్కింట్లో ఉంటేనే మాట, వీధి చివర ఉంటే లేదు.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి.

ప్రశ్న: మేడమ్, సూడోమొనాస్ గుసగుసలు బుడగ ఆపేస్తుందన్నారు కదా. కొన్నాళ్లకి ఆ బాక్టీరియా అసలు వినడమే మానేస్తే?

మంచి ప్రశ్న అమ్మా. మానేసినవి ఇప్పటికే ఉన్నాయి, బుడగలతో సంబంధం లేకుండానే. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లోంచి తీసిన సూడోమొనాస్‌లో, వినే ప్రోటీన్ జన్యువు పాడైపోయినవి తరచుగా కనిపిస్తాయి. లాస్ఆర్ అని ఆ జన్యువు పేరు. గుంపు మాట వింటే గుంపు కోసం ఎంజైములు తయారుచేసి పోయాలి, అది ఖర్చు. వినని బాక్టీరియా ఆ ఖర్చు మిగుల్చుకుని పక్కవాళ్లు పోసినదాంతో గడిపేస్తుంది. అలాంటివాటి ముందు మన బుడగ సంకేతం చెరిపినా, పెంచినా ఒకటే.

ఇది మా బల్ల మీద కూడా జరుగుతుంది. ఇ.కోలైని రోజూ పాత గిన్నెలోంచి కొత్త గిన్నెలోకి మారుస్తూ పోతే, కొన్ని వారాలకి వెలగడం మానేసినవి పైచేయి సాధిస్తాయి, వెలగడం కూడా ఖర్చే కాబట్టి. అప్పుడు బుడగ పాడైందనుకుని బుడగ చుట్టూ తిరుగుతాం. అందుకని ప్రతి ప్రయోగానికీ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన మొదటి నిల్వలోంచే కొత్తగా పెంచుతాం. బుడగ కలపడానికి ముందు ఐపీటీజీ నేరుగా ఒక చుక్క వేసి, ఇంకా వింటోందో లేదో చూసుకుంటాం.